కంప్యూటరు పెట్టె, అందలి భాగములు, మన బిడ్డలు

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన పాఠశాల కంప్యూటరు గదిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు మమ్ము కోరిరి. ఆ గదిలోని యంత్రములను విప్పుట, తుడుచుట, మరల బిగించుట కొన్ని యేండ్లుగా మా సెలవు దినముల పని. ఇది మాకు వృత్తి కాదు, అభిరుచి మాత్రమే. కావున మీరు పండితోపన్యాసము నాశింపవలదు. అయితే నేడు సంఘము ముందొక ప్రశ్న కలదు. ఆ యంత్రములు పాతవైనవి గాన వానిని పాత యినుము క్రింద తూకమునకు అమ్మివేసి, తల్లిదండ్రుల యొద్ద చందా వసూలు చేసి క్రొత్తవి కొందమా? లేక ఉన్నవానినే బాగుచేసికొందమా? మా యభిప్రాయము రెండవ దారి. ఎందువలననో మా యనుభవమునుండియే మనవి చేసెదము.

కంప్యూటరు మూత విప్పుటయన్న మీలో పలువురకు భయము. బిడ్డ చేయి పెట్టినచో వేల రూపాయల వస్తువు పాడగునని తలంతురు. లోపల చూచినవారికి ఈ భయముండదు. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా దింపియిచ్చు చిన్న పెట్టె యొకటి, దానిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. అన్నిటికి ఆధారమైన పెద్ద పలక మదర్‌బోర్డు. దానిపై ప్రాసెసరు, దాని నెత్తిన చల్లబరచు ఫ్యాను, ప్రక్కన ర్యామ్ బద్దలు, కొంచెము దూరమున హార్డుడిస్కు. ఇంతే సంసారము. ఒకదాని చోట వేరొకటి యిమడదు. ర్యామ్ బద్దకు గల గాడి సరిగా నడుమ నుండక ఒక ప్రక్కకు జరిగి యుండును గాన త్రిప్పి పెట్టబోయినను అది కూర్చుండదు.

బిడ్డలు తాకరాని వస్తువులు రెండే. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను విప్పరాదు, తీగ పెరికిన తరువాతను దానిలో కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును. ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీని నొక్కరాదు, గుచ్చరాదు. అది నిప్పు అంటుకొనగలదు. తక్కినవన్నియు పెద్దల యెదుట పిల్లలు చేయదగిన పనులే.

ఇట్లు విడివిడిగా మార్చుకొను వీలు ఊరక వచ్చినది కాదు. 1981 ఆగస్టు 12వ తేదీన ఐ.బి.ఎం. కంపెనీ తన సొంత కంప్యూటరును వెలువరించినప్పుడు, త్వరగా తయారు చేయవలెనను తొందరలో చాల భాగములను బయటి కంపెనీల యొద్ద కొన్నది. లోపలి వలయముల పటములను గూడ పుస్తకముగా అచ్చువేసి అమ్మినది. ఆ పటములను చూచి యితరులును అందు బిగింపదగిన పలకలను చేయ మొదలిడిరి. ఆ యంత్రపు తొలి రకమునకు 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తి యుండెను. మన గదిలోని యంత్రమునకు 8 గిగాబైట్లు, అనగా సుమారు 5 లక్షల 24 వేల రెట్లు. ఇంత పెరిగినను విప్పి మార్చుకొను పద్ధతి మాత్రము మారలేదు. మన తెలుగువారికిని ఈ విద్య క్రొత్తది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. వెలసినది, టి.డి.సి. అను వరుస కంప్యూటర్లు అచ్చటనే తయారైనవి.

ఇక మన గది సంగతి. ఇచ్చటి యెండ, ధూళి మీకు తెలిసినవే. వేసవి సెలవుల తరువాత గది తెరచినప్పుడెల్ల ఒకటి రెండు యంత్రములు తెర వెలిగింపక కీచుమని కూయుచుండును. "చచ్చినది" అని చూచినవా రందురు. చావలేదు, ర్యామ్ బద్ద అంచున నున్న పసిడిపూత గీట్లపై మసి పట్టినది, అంతే. తీగ పెరికి, బద్ద నూడదీసి, పిల్లల పెన్సిలు రబ్బరుతో ఆ అంచును మెల్లగా రుద్ది, పొడి దులిపి, టక్కున చప్పుడగునట్లు నొక్కిన చాలును. మన ఆరవ తరగతి బాలిక యొకతె యీ పని మాకంటె నేర్పుగా చేయుచున్నది.

మరియొక రోగము వింతయైనది. యంత్రము చక్కగా పనిచేయును గాని గడియారము వెనుకటి యేదో సంవత్సరమునకు పోవును. పరీక్షా ఫలితములు చూడబోయిన పిల్లవానికి "ఈ చోటు నమ్మదగినది కాదు" అని తెరపై హెచ్చరిక వచ్చును. తప్పు ప్రభుత్వపు చోటుది కాదు. దాని ధ్రువపత్రముపై నున్న తేదీ, మన యంత్రపు తేదీకి ఎంతో ముందున్నట్లు కనబడుటచే వచ్చిన చిక్కు. మదర్‌బోర్డుపై రూపాయి బిళ్ళవంటి 3 వోల్టుల బ్యాటరీ యొకటి యుండును. అది అరిగిపోయినది. కొత్తది వేసి తేదీ సరిదిద్దిన తీరును. కాఫీ ఖర్చుకంటె మించదు. ఈ చిన్న సంగతి తెలియక యంత్రములనే మార్చుకొన్న యిండ్లను మేమెరుగుదుము.

ఎస్.ఎం.పి.ఎస్. కొనునప్పుడు పైనున్న చీటీని నమ్మవలదు. 450 వాట్లని వ్రాసియుండియు దూదివలె తేలికగా నుండునవి అంగళ్ళలో దొరకును. మేము చేతబట్టి బరువు చూచి కొందుము. ఇది శాస్త్రము కాదు, కాయగూరల యంగడి పద్ధతియే. కాని మమ్ము రక్షించినది.

అన్నిటికంటె ఎక్కువ మేలు చేసినది ఎస్.ఎస్.డి. పాత హార్డుడిస్కులో నిమిషమునకు 5,400 లేక 7,200 సారులు తిరుగు పళ్ళెములుండును. కావలసిన అక్షరము సూది క్రిందికి వచ్చువరకు యంత్రము కాచుకొని యుండవలెను. ఎస్.ఎస్.డి.లో తిరుగునది యేమియు లేదు. మూడు నిమిషములకు గాని మేలుకొనని యంత్రము, ఆ యొక్క భాగము మార్చినంతనే అరనిమిషములో మేలుకొన్నది. పిల్లలు కొత్త కంప్యూటరు వచ్చినదనియే తలంచిరి.

అయినచో అమ్మివేయుదమను మాట ఎందుకు వచ్చినది? 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను అంగీకరింపదు, టి.పి.ఎం. 2.0 అను రక్షణ యేర్పాటు ఉండి తీరవలెననును. మన యంత్రములు ఆ పరీక్షలో నెగ్గవు. ఇనుము అరుగలేదు, ప్రాసెసరు చెడలేదు, నియమము మారినది. ఇట్టి యంత్రములకు లినక్స్ వేయవచ్చును. అది వెలలేనిది. చెన్నైలోని సీడాక్ వారు భారతీయ భాషల కొరకు తయారుచేసిన బాస్ అను లినక్స్ గలదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్స్‌ను తెనిగించుటకు పాటుపడినారు. మేము రెండు యంత్రములకు లినక్స్ వేసి పిల్లలకు వదలితిమి. వారు అడిగిన ప్రశ్న యొక్కటే, ఆట యెక్కడ నున్నదని. లోపము లేదనము. కొన్ని ప్రింటర్లు దానితో మాటాడవు. ఉద్యోగమునకు కావలసిన కొన్ని ప్రోగ్రాములు విండోస్ మీదనే నడచును. కావున ఒకటి రెండు కొత్త యంత్రములు కొనవలె ననుటకు మేమును సమ్మతింతుము. గదినంతయు మార్చవలెననుటకు మాత్రము కాదు. పైగా 2025 చివరనుండి ర్యామ్ ధరలు మిక్కిలి పెరిగినవి. కృత్రిమ మేధ కొరకు కట్టుచున్న పెద్ద కేంద్రములు లోకములోని జ్ఞాపక చిప్పులను గంపలతో కొనుచున్నవి. అట్టి కాలమున మన యంత్రములలోని ర్యామ్‌ను తూకమునకు వేయుట యెట్టి వ్యాపారము?

భాగములకై మేము చెన్నై రిచీ వీధికిని, ఎక్కువగా బెంగుళూరు ఎస్.పి. రోడ్డునకును పోవుదుము. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు మీదుగా ఉదయము బయలుదేరిన రాత్రికి తిరిగి రావచ్చును. అచ్చట బేరము తెలుగుననే నడచుట మాకొక సంతోషము. కార్యాలయములవారు తీసివేసిన యంత్రములు రాశులుగా పడియుండును. అంగడిలోనే వెలిగింపించి, మూత తీయించి చూచి, కెపాసిటర్ల నెత్తులు ఉబ్బనివే తీసికొందుము.

ఇప్పుడు మా మనసున నున్న ముఖ్య విషయమునకు వత్తుము. అది కీబోర్డు.

ఒకప్పుడు తెరపై తెలుగు కనబడుటకే, సీడాక్ వారి జిస్ట్ కార్డు అను పలకను వేరుగా కొని బిగింపవలసి యుండెడిది. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగునకు స్థానము దొరకెను. 2001లో విండోస్ ఎక్స్.పి. గౌతమి అను తెలుగు అక్షరములతో వచ్చెను. నేడు ఏ యంత్రమునందైనను తెలుగు సిద్ధముగా నున్నది. కీబోర్డుపై అచ్చు మాత్రము లేదు. మేము తిరిగిన అంగళ్ళలో తెలుగు కీబోర్డు ఒక్కటియు దొరకలేదు. అందువలన తెలుగు అక్షరముల చీటీలను మీటలపై అంటించితిమి.

మేము నేర్పుచున్నది 1991లో భారత ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. ఎడమచేతివైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడిచేతివైపు చాలవరకు హల్లులు. ఇంగ్లీషున పలుకు వ్రాసి తెలుగు రప్పించుట సులభమే యని కొంద రందురు. పెద్దలకు సులభమే, కాని బిడ్డ తెలుగును ఇంగ్లీషు చాటున నేర్చుకొనును. ఇన్‌స్క్రిప్ట్‌లో మరియొక గుణము కలదు. అన్ని భారతీయ లిపులకును ఒకే జాతి అక్షరము ఒకే మీటపై నుండును. మన యూరి పేరే చూడుడు. కడత్తూరు అని కొట్టుటకు ఎనిమిది మీటలు: క, డ, త, పొల్లు, త, ఊకారము, ర, ఉకారము. తమిళమున కడత్తూర్ అని కొట్టుటకును ఎనిమిదే. అందు ఆరు మీటలు అవే, అదే వరుసలో! డకు బదులు టకారపు మీట, చివర ఉకారమునకు బదులు పొల్లు, ఇంతే భేదము. దీనిని పలకపై వ్రాసి చూపినప్పుడు పిల్లలు చేసిన కోలాహలము ప్రధానోపాధ్యాయులవారి గదివరకు వినబడెను.

తమిళమునకు 1999లో వచ్చిన తమిళ్ 99 అను వేరు పద్ధతి కలదు. కార్యాలయములలో పని కోరువారు దానిని గూడ నేర్వవలసినదే. 2006 నాటి చట్టము ననుసరించి మన బిడ్డలు తమిళము చదువుచున్నారు. చదువవలసినదే, అది మనకు అన్నము పెట్టు భాష. తెలుగునకు దొరకు గంటలు తక్కువ గనుకనే, వ్రేళ్ళకు అబ్బిన తెలుగు ఇంకను ముఖ్యమని మా తలంపు. తెలుగు వ్రాయుట మరచిన అన్నలు, అక్కలు ప్రతి యింటను ఉన్నారు.

మన లిపి చిక్కైనదే. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అను అక్షరమును కొన్ని గుర్తులతో కూర్చి పంపినచో ఆపిల్ కంపెనీ ఐఫోనులు నిలిచిపోయినవి. పత్రికలన్నియు వ్రాసినవి; కంపెనీవారు కొలది దినములలోనే సరిదిద్దిరి. జ్ఞానము భరింపలేక యంత్రము మూర్ఛపోయినదని మేము నవ్వుకొంటిమి. సరిదిద్దబడినది మాత్రము వాడువారుండుటచేతనే.

పాత వార్షిక సంచికల ప్రతులను ఒక అచ్చుకూటమునుండి తెప్పించి మన యంత్రమున తెరచి చూచితిమి. తెలుగునకు బదులు ఇంగ్లీషు అక్షరముల చెత్త కనబడినది. నాటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరములకు తెలుగు ముసుగు వేసినవి. ఆ ఫాంటు లేనిచో ముసుగు తొలగును. మన పెద్దలు వ్రాసిన వ్యాసము లట్లు మూగవైనవి. అచ్చుప్రతులు చూచి, వానిని యూనికోడ్‌లో మరల కొట్టు పని తొమ్మిదవ తరగతివారు చేపట్టినారు. ఇప్పటికి రెండు సంచికలు ముగిసినవి. ఇంటిలో పాత సంచికలున్నవారు దయచేసి ఎరువియ్యవలెను; చినిగినను సరియే.

2011 మొదలు తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా నిచ్చిన ల్యాప్‌టాప్‌లు మన యిండ్ల అటకలపై నున్నవి. వానిని గూడ తీసికొని రండు. శనివారము మధ్యాహ్నము రెండు గంటలనుండి గది తెరచియుండును. చార్జరు మరువకుడు. బ్యాటరీ ఉబ్బియున్నచో సంచిలో నొత్తిపెట్టక విడిగా తెండు. మీ బిడ్డను వెంట తెండు. మర విప్పునది వారే.