మరచేతులూ – మన ఆలస్యమూ



మా పిన్నికి పొట్టలో కాన్సరని తేలింది. డాక్టరుగారు రోబోతో ఆపరేషను చేస్తామనగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఏమే, నన్ను మరమనిషి కోస్తాడటే?" అంది. ఆ భయం పిన్ని ఒక్కతెదే కాదు గదా!

నిజానికి ఆ మర తనంతట తానేమీ చెయ్యదు. డాక్టరుగారే పక్కన కూర్చుని, అద్దాల్లోంచి పొట్ట లోపలిభాగం పెద్దదిగా చూసుకుంటూ చేతులు కదుపుతారు. ఆ కదలికల ప్రకారమే మరచేతులు లోపల పని చేస్తాయి. డాక్టరు చెయ్యి కాస్త వణికినా ఆ వణుకు లోపలికి పోదు. పనిముట్లు పోవడానికి పెట్టే రంధ్రాలు సుమారు 8 మిల్లీమీటర్లు, అంటే బొట్టుబిళ్ళంత. తీసిన భాగాన్ని బయటికి తేవడానికి మాత్రం ఒక గాటు కాస్త పెద్దదే పెడతారు. గాయం చిన్నదైతే నొప్పి తక్కువ, త్వరగా లేచి తిరగవచ్చు. ఖర్చు మాత్రం ఎక్కువే. రోబో లేకపోతే వైద్యమే లేదనుకోకండి. లాప్రోస్కోపుతోనూ, పొట్ట కోసీ కూడా ఈ ఆపరేషను చేస్తున్నారు.

1881లో వియన్నా నగరంలో బిల్‌రోత్ అనే డాక్టరు ఒక స్త్రీకి కాన్సరు సోకిన పొట్టభాగం తీసివేశారు. అలాంటి ఆపరేషను తట్టుకుని బతికిన మొదటి మనిషి ఆమే. కాని సుమారు నాలుగు నెలలకే జబ్బు తిరగబెట్టి పోయింది. పనితనం గొప్పదే, కాని జబ్బు అప్పటికే ముదిరింది. ఇవాళ మరచేతులు వచ్చినా ఆ సంగతి మారలేదు.

మా పిన్ని ఆరు నెలలు "గ్యాసే" అనుకుంది. సోడా తాగింది. వాము నూరి ఇచ్చింది నేనే! ఆ ఆలస్యానికి ముందు మందులెక్కించి, తరువాతే ఆపరేషను చెయ్యవలసి వచ్చింది. అందరికీ వడ్డించి ఆఖర్న తినేవాళ్ళం, మనం రెండు ముద్దలతో లేచిపోతే చూసేదెవరు?

కాస్త తినగానే పొట్ట నిండినట్టుండటం, ఊరికే చిక్కిపోవడం, వాంతులు, నల్లగా విరేచనం, ఇలాంటివి కనిపిస్తే వాముతో సరిపెట్టకండి. నోట్లోంచి సన్నని గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ పరీక్ష కొద్ది నిమిషాల పని. అన్నీ కాన్సరే కానక్కర్లేదు. కాదని తెలిస్తే అదీ నిశ్చింతే.

పిన్ని ఇప్పుడు కొంచెం కొంచెంగా రోజుకి ఆరుసార్లు తింటోంది. అందరికంటె ముందు తన కంచం పెట్టుకుంటోంది. మనం జబ్బు పడకుండానే ఆ పని చేద్దాం. సెలవు.