పటం పక్కన పెట్టుకుని చదివే పుస్తకాలు



నేను భూగోళం చెప్పే పంతులును. ఈ రోజు భూగోళశాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న మీకు కొన్ని పుస్తకాల పేర్లు చెబుతాను. ఇవి మీ సిలబస్‌లో లేవు. ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. నవల చదివినా, యాత్ర చదివినా నా పక్కన పటం ఉండాల్సిందే. ఊరి పేరు మార్చేసినా చెల్లిపోయే కథ నన్ను ఎక్కువసేపు నిలపదు. నీళ్ళు ఎటు పారతాయో, ఏ నేలలో ఏం పండుతుందో ఎరిగి రాసిన పుస్తకాన్ని మాత్రం వదలలేను.

అలాంటివాటిలో ముందు చెప్పుకోవలసింది ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మేలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారి ఎలా ఉంది, నేల రేగడా ఇసకా, నీటి వసతి ఏమిటి, అంగట్లో ఏం దొరుకుతోంది అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయారు. వెళ్ళేటప్పుడు హైదరాబాదు, నాగపూరుల మీదుగా పీఠభూమి దారి. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ, శ్రీకాకుళం మీదుగా తూర్పు తీరం. అంటే కృష్ణనూ గోదావరినీ ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి దాటారన్నమాట. ఇక్కడ కాస్త ఆగండి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో. మనం పచ్చని డెల్టా అని చెప్పుకునే నేలను ఆయన ఆ ఆనకట్టలు లేని రోజుల్లో చూశారు. ఆయన తిరిగొచ్చిన మరుసటి ఏడాదే గుంటూరు సీమను డొక్కల కరువు కబళించింది. డెల్టా సారవంతమని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నారు కదా, ఆ సారంలో నది తెచ్చిన ఒండ్రు ఎంత, మనిషి కట్టిన రాయి ఎంత అని ఈ పుస్తకం మిమ్మల్ని అడుగుతుంది.

రెండోది అక్కినేని కుటుంబరావు గారి 'కొల్లేటి జాడలు'. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. కొల్లేరు గురించి తరగతిలో మనం చెప్పేది దాదాపు అంతే. ఆ సరస్సు హద్దుగా చెప్పే ఐదో కాంటూరు పటంలో సన్నని గీత. ఆ గీతకు లోపల బతికినవాళ్ళకు అది పొలం, చేపల చెరువు, అప్పు, కోర్టు కేసు. సరస్సు మీద బతికిన ఊరు ఎలా మారిపోయిందో ఆ నవల ఊరి లోపలినుంచి చెబుతుంది. పెన్న ఎండిన సీమ తెలియాలంటే విద్వాన్ విశ్వం గారి 'పెన్నేటి పాట', నల్లరేగడిని వెతుక్కుంటూ వలసపోయిన రైతుల కోసం చంద్రలత గారి 'రేగడివిత్తులు' ఉన్నాయి.

సర్వే, జీఐఎస్, ప్రణాళికా శాఖలకు వెళ్ళేవాళ్ళు తప్పక చదవాల్సింది మరొకటుంది: విభూతిభూషణ్ బందోపాధ్యాయ 'వనవాసి', సూరంపూడి సీతారాం గారి అనువాదం. బీహారు అడవికి ఎస్టేటు మేనేజరుగా వెళ్ళిన యువకుడు ఆ అడవిని ప్రాణంగా ప్రేమిస్తాడు. ఆ అడవినే ముక్కలు చేసి కౌలుకివ్వడం అతని ఉద్యోగం. మీ బల్లల మీదికీ అలాంటి ఫైళ్ళు వస్తాయి.

ఈ సెలవుల్లో వీరాస్వామయ్య గారితో మొదలుపెట్టండి. ఆ పాత తెలుగు తొలి పేజీల్లో కొంచెం కష్టపెడుతుంది, ఆపకండి. మీ జిల్లా టోపోషీటు పక్కన పరిచి, ఆయన మజిలీలు పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటూ చదవండి.