పేరు తెలిశాకే మందు



సాయంత్రం దీపం పెట్టగానే రెక్కల పురుగులు వచ్చి మూగుతాయి. మాలూరు చుట్టుపక్కల నీలగిరి తోపుల నుంచి కొన్ని, టమోటా తోటల నుంచి కొన్ని వస్తాయి. వాటిలో బియ్యపు గింజంత పురుగు ఒకటి, బూడిద రంగుది, రెక్కల మీద నల్లచుక్కలున్నది కనిపించిందనుకోండి. అది ఫలానా పురుగని చూడగానే చెప్పగలమా? చెప్పలేము. ఎందుకో చూద్దాం.

టమోటాను తొలిచే టూటా అబ్సొల్యూటా అనే పురుగు రూపం అచ్చం ఇదే. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పెరూ నుంచి వచ్చిన నమూనా చూసి 1917లో దీనికి పేరు పెట్టినవారు ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ మేరిక్. ఆయనా మాలాగా బడిపంతులుగా పనిచేసినవారే. ఇలాంటి చిన్న పురుగులకు వేలకొద్దీ పేర్లు పెట్టారు. ఈ పురుగు 2006లో స్పెయిన్ చేరింది. 2014లో మన దేశంలో, మన కర్ణాటకలోనూ కనబడింది.

ఉర్లగడ్డను తొలిచే పురుగు దీనికి దగ్గరి చుట్టం. రెక్కలు చూసి రెంటినీ వేరుచేయడం కష్టం. అందుకే ముందు ఆకు చూడండి. పాములా వంకరలు తిరిగిన సన్నని తెల్లగీత ఉంటే అది ఒక చిన్న ఈగ పిల్ల చేసిన పని. గీత వెడల్పయి, పలచని మచ్చగా మారి, లోపల నల్లని పెంట కనబడితే రెక్కల పురుగును అనుమానించండి.

ఆకు చీల్చి పిల్లపురుగును భూతద్దంతో చూడండి. ఈగ పిల్లకు కాళ్లుండవు. రెక్కల పురుగు పిల్లకు తల, కాళ్లు ఉంటాయి. తల వెనుక సన్నని నల్లపట్టీ ఉంటే టమోటా పురుగు కావచ్చు. అక్కడంతా ముదురు రంగే అయితే ఉర్లగడ్డ పురుగు కావచ్చు. చివరి మాట మాత్రం సూక్ష్మదర్శినిదే. మగపురుగు పొట్ట చివరి జననాంగాలు జాతికొక తీరుగా ఉంటాయి. వాటిని విడదీసి చూసి నిపుణులు తేలుస్తారు.

కన్నడంలో ఆలూగడ్డె, మన ఇంట్లో ఉర్లగడ్డ. ఒక వస్తువుకు రెండు పేర్లుంటే మన సరిహద్దు ఊళ్లలో చిక్కేమీ లేదు. రెండు పురుగులను ఒకటే అనుకుంటేనే నష్టం. ఈగకు కొట్టే మందు పురుగు మీద పనిచేయకపోవచ్చు. డబ్బు పోతుంది, పైరుకు మేలుచేసే పురుగులూ చస్తాయి.

కాబట్టి తొందరపడి మందు కొట్టకండి. పురుగున్న ఆకులను కాగితం సంచిలో పెట్టి, ఊరు, పైరు, తేదీ రాసి, కోలారు దగ్గర టమకలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. పేరు తెలిశాకే మందు మాట.

సెలవు.