పడుగు విచ్చిన క్షణము



కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి మగ్గము వెంట సూరతునకు తరలివచ్చిన పద్మశాలి కుటుంబముల బిడ్డలు నేడు పట్టభద్రులైన మీలో నెందరో కలరు. పల్సానా తాలూకాలోని యీ జోల్వా పరిసరములందు మరమగ్గముల మ్రోతయు, అద్దకపు మిల్లుల బాయిలర్ల పొగయు నెరుగని యిల్లు అరుదు. అట్టి యింట నర్ధరాత్రమున పసివాని రొమ్ములో పిల్లికూతలు వినవచ్చినప్పుడు తల్లి పడు తల్లడమును గూర్చియే నేడు మీతో మాటాడ నెంచితిని.

చరకసంహిత తమకశ్వాసమని పేర్కొన్న యీ వ్యాధిని మనవారు ఉబ్బసమనియు, దమ్మనియు నందురు. దీనికై కొలత ప్రకారము మందును చిమ్ము పంపును 1956లో అమెరికాలోని రైకర్ సంస్థ తొలుత విపణిలోనికి తెచ్చినది. ఆ సంస్థాధ్యక్షుని కుమార్తె, ఉబ్బసముతో బాధపడు పదమూడేండ్ల బాలిక, కురులపై చల్లుకొను స్ప్రేవలె తన మందు నేల చల్లరాదని తండ్రి నడిగిన ప్రశ్నయే దానికి మూలమని చెప్పుదురు. బిడ్డ ప్రశ్న నుండి పుట్టిన యుపకరణము బిడ్డల చేతికే లొంగకుండుట నన్ను చిరకాలముగా బాధించుచున్నది.

ఏల లొంగదు? పంపు నొక్కుటయు, మెల్లగా ఊపిరి పీల్చుటయు నేకకాలమున జరుగవలెను. మగ్గముపై పడుగు విచ్చిన క్షణముననే నాడె దాటవలెను గదా! రవంత ముందైనను వెనుకైనను మందు గొంతులోనే నిలిచిపోవును. ఊపిరితిత్తులకు చేరునది స్వల్పము. పంపును కుదుపక, ముందుగా ఊపిరి విడువక, పీల్చిన పిదప పది లెక్కించువరకు బిగబట్టక వాడిన బిడ్డకు గుణము కనరానప్పుడు తల్లి మందును నిందించును, వైద్యుడు మోతాదు పెంచును. ఆ చిన్ని చేతిని చూచువారుండరు.

స్పేసరను గొట్టము మందును తనలో నిలిపి, బిడ్డను తీరికగా పీల్చుకొన నిచ్చును. దానిని కొనలేని వారికై కేప్‌టౌన్ వైద్యులు అర లీటరు శీతలపానీయపు సీసా అడుగున రంధ్రము చేసి, పంపు మూతిని బిగించి, ఆయాసవేళ నది కొన్న స్పేసరుతో సమానముగా పనిచేయునని 1999లో నిరూపించిరి. సాంకేతిక విద్య యనగానే మెరయు యంత్రములు తోచుట సహజము. కాని నా దృష్టిలో నీ సీసా వానికి దేనికిని తీసిపోదు.

యంత్రములును కావలసినవే. ఆక్లండులో 6 నుండి 15 ఏండ్ల వయసు గల 220 మంది పిల్లల పంపులకు ఎలక్ట్రానిక్ పరికరములు తొడిగి, సగము మందికి మాత్రము మందువేళను జ్ఞాపకము చేయు ధ్వని నేర్పరచిరి. ఆ ధ్వని విన్నవారు మధ్యస్థముగా 84 శాతము మోతాదులు వాడగా, విననివారు 30 శాతమే వాడిరని 2015లో ప్రకటించిరి. అయినను వేళకు నొక్కుట వేరు, సరిగా పీల్చుట వేరు. పీల్పు సవ్వడిని వినిపెట్టు పరికరములు ఇప్పుడు వచ్చినవి. అవి యే భాషలో పలుకునన్నదే నా చింత. సూరతు నగరపాలక పాఠశాలలలో తెలుగున చదువుకొను బిడ్డకు ఆంగ్లాజ్ఞ యేమి యుపకరించును? "మెల్లగ బిడ్డా, ఇంక జర మెల్లగ" అని యమ్మ గొంతుతో నవి పలుకవలెను. ఆ పని మీరు చేయగలరు.

అంతకుముందు నాదొక చిన్న ప్రార్థన. ఈ పట్టా చేతబట్టుకొని యిల్లు చేరిన పిదప, మీ గల్లీలో పంపు వాడు పిల్ల యెవరున్నను, ఒక్కమారు వాడి చూపుమని యడుగుడు. వెంటనే సరిదిద్దకుడు, ప్రక్కన కూర్చుండి, తొలుత ఆ యూపిరిని వినుడు.