బురదలో దిగబడిన ఉక్కురథములు
(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



ట్యాంకు అన్నంతనే మనకు నీళ్లతొట్టి స్ఫురించును. అందు పొరపాటు లేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయులు ఈ ఉక్కురథమును రహస్యముగా నిర్మించుచు, శత్రువులకు గుట్టు తెలియకుండ దానిని నీటితొట్టి యని చెప్పిరి. ఆ పేరే నిలిచిపోయెను. నీటి పేరు పెట్టుకొని పుట్టిన యంత్రమునకు నీరే శత్రువగుట విధివిలాసము.

1917 జులై 31న బెల్జియములోని ఈప్ర్ నగరసమీపమున మూడవ సంగ్రామము మొదలయ్యెను. అది బంకమన్ను పల్లము. రైతులు త్రవ్విన మురుగుకాలువలే దానిని సాగునేలగా నిలిపియుంచినవి. దాడికి ముందు ఆంగ్లసేనలు 40 లక్షలకు పైగా ఫిరంగిగుండ్లు కురిపించి ఆ కాలువలను ఛిద్రముచేసిరి. పిమ్మట వానలు పట్టుకొనెను. 28 టన్నుల ట్యాంకులు ఆ గుండ్లు చేసిన గోతులలోనే కూరుకొనిపోయెను. బురదను చేసినవారే బురదలో చిక్కిరి.

ఆగస్టు 22న ‘ఫ్రే బెంటోస్’ అను ట్యాంకు ఇట్లే గోతిలోనికి ఒరిగి కదలక నిలిచెను. ఆ పేరు డబ్బాలలో అమ్ము మాంసముది. లోపల 9 మంది సైనికులు. పట్టాలకు దూలమును బిగించి బండిని పైకి తీయవలెనని వెలుపలికి వచ్చినవారిలో ఒకడు గుండుదెబ్బకు కూలెను. మిగిలినవారు, పెక్కండ్రు గాయపడియు, దాదాపు 3 దినములు ఆ యినుపపెట్టెనుండియే పోరాడి, చివరకు స్వపక్షమును చేరిరి. వారి ధైర్యమునకు చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని వారిని ఆ గోతిలోనికి పంపినవారి వివేకమో?

ట్యాంకుదళమువారు ఊబినేలలను గుర్తించిన పటములను ప్రతిదినము ప్రధానశిబిరమునకు పంపుచుండిరనియు, ఇక పంపవలదని పైనుండి ఆజ్ఞ వచ్చెననియు ఆ దళపు అధికారులే తరువాత వ్రాసిరి. సాక్ష్యమును చూడనొల్లక తీర్పు చెప్పుట యని న్యాయవాదులమైన మేము దీని నందుము.

దోషము యంత్రముది కాదు. అదే సంవత్సరము నవంబరు 20న ఫ్రాన్సులోని కాంబ్రే వద్ద గట్టినేల నెన్నుకొని, దీర్ఘమైన ఫిరంగిదాడి మానుకొని, కందకములు పూడ్చుటకు పుల్లలమోపులను ట్యాంకులపైననే మోయించి నడిపిరి. ఒక్కదినమున నాలుగైదు మైళ్లు చొచ్చుకొనిపోయిరి. ఆ గెలుపు పదిదినములకు జర్మనుల యెదురుదాడితో చాలవరకు చేజారినను, పాఠము మాత్రము చేజారలేదు. యంత్రము అదియే, మారినది నేల, నేలనుగూర్చిన జ్ఞానము.

మన దేశమున దీనికి గొప్ప తార్కాణము కలదు. 1965 సెప్టెంబరులో పంజాబునందలి ఖేమ్‌కరణ్ మీదుగా పాకిస్తాను ట్యాంకు డివిజను పాటన్ ట్యాంకులతో వచ్చెను. మనవారి పాత షెర్మనులకంటె అవి బలిష్ఠమైనవి. మనవారు పొలములను నీటితో ముంచి, చెఱకుతోటల మాటున పొంచియుండిరి. అసల్ ఉత్తర్ గ్రామమువద్ద పాటనులు అడుసులో దిగబడి గుండ్లకు గుఱియయ్యెను. 97 ట్యాంకులు ధ్వంసమైనవనియో పట్టుబడినవనియో భారతపక్షపు లెక్క. నాడు షెర్మనులతో పోరిన దక్కను హార్సు దళము పూర్వము నిజాము కొలువునందలి అశ్వదళములనుండి పుట్టినదని వినుట తెలుగువారికి సంతోషము.

కర్ణుని రథచక్రము శాపవశమున క్రుంగినది. ఈప్ర్ వద్ద రథములు క్రుంగినది శాపమువలన కాదు, క్రిందివారి మాట పైవారు విననందున. నేలమీద నడచువాడు నేలనుగూర్చి చెప్పిన మాటను, అతడెంత చిన్నవాడైనను, ఏలువారు చెవినిబెట్టవలెను. సేనకే కాదు, రాజ్యమునకును ఇదియే నీతి.