కట్టుడు పళ్ల కింద మంట - ఓర్చుకోవద్దు
(సోలాపూర్‌లో రిటైరైన మిల్లు కార్మికుల సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



గ్రాట్యుటీ గురించి, పింఛను గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు నోటి గురించి మాట్లాడతాను. నవ్వకండి. జొన్నరొట్టె నమలలేని మనిషి ఏ హక్కు కోసం నిలబడగలడు?

మనలో చాలామంది కట్టుడు పళ్లు పెట్టుకున్నాం. నిరుడు నా అంగిలి ఎర్రబడింది, పెదవుల మూలలు పగిలాయి. పల్లీల కారం తగిలితే మంట. 'వేడి చేసింది' అనుకుని మూడు నెలలు మజ్జిగతో నెట్టుకొచ్చాను. చివరికి పళ్ల డాక్టరు చూసి, ఇది వేడి కాదు, కాండిడా అనే బూజు అని చెప్పారు.

ఈ బూజు ఆరోగ్యవంతుల నోట్లో కూడా కొద్దిగా ఉంటుంది. దానివల్ల హాని లేదు. కాని సెట్టు రాత్రింబవళ్లు తీయకపోతే, దాని కింద లాలాజలం ఆడక అది పెరిగిపోతుంది. సెట్టు వదులైనా, నోరు ఎండినా, షుగరు ఎక్కువైనా, బీడీ తాగినా అంతే. చాలామందికి నొప్పి కూడా ఉండదు, అందుకే తెలియదు.

మన మిల్లు వాళ్లకు ఇంకొక సంగతి. పత్తి దుమ్ము పీల్చి ఆయాసం తెచ్చుకున్న వారిలో కొందరు స్టెరాయిడు ఇన్హేలరు వాడుతున్నారు. ఆ మందు నోట్లో మిగిలితే బూజు పెరుగుతుంది. ఇన్హేలరు మానకండి. పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి.

షిఫ్టు దిగాక సాంచాను తుడవకుండా వదిలేస్తామా? సెట్టు కూడా అంతే.

1. రాత్రి తీసి పడుకోండి. చల్లని నీళ్ల గిన్నెలో ఉంచండి.
2. రోజూ మెత్తని బ్రష్షుతో, సబ్బుతో తోమి కడగండి. పళ్లపొడి వద్దు, గీతలు పడతాయి. ఆ గీతల్లో బూజు దాక్కుంటుంది. మరిగే నీళ్లు వద్దు, సెట్టు వంకర పోతుంది.
3. అంగిలి, నాలుక, చిగుళ్లు కూడా శుభ్రం చేసుకోండి.
4. వదులైన సెట్టును సరిచేయించుకోండి.

బూజుకు మందు ఉంది. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. నోటికి మందు వేసి సెట్టును శుభ్రం చేయకపోతే రోగం మళ్లీ వస్తుంది. మీరు వాడే ఇతర మందులు, ముఖ్యంగా రక్తం పలచన చేసేవి, డాక్టరుకు తప్పక చెప్పండి.

ఖాతాలో బీడీ నిషేధం కాబట్టి దవడన తంబాకు పెట్టడం మనకు అలవాటైంది. తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, పుండు గాని రెండు మూడు వారాల్లో తగ్గకపోతే బూజే అనుకోకండి. క్యాన్సరు కావచ్చు, వెంటనే చూపించండి.

కనీసం 5 ఏళ్లు ఇ.ఎస్.ఐ. బీమాలో ఉండి రిటైరైన వారికి, వారి జీవిత భాగస్వామికి నామమాత్రపు చందాతో వైద్యం పొందే సదుపాయం ఉంది. అది ఎవరి దయా కాదు, మన జీతంలోంచి కోసిన డబ్బు. కాగితాలు లేనివారు యూనియన్ ఆఫీసుకు రండి, కలిసి వెళదాం.

ఈ రాత్రే సెట్టు తీసి, అద్దంలో అంగిలి చూసుకోండి. నోరు బాగుంటేనే నినాదం గట్టిగా పలుకుతుంది. సెలవు.