తలుపు బిగిసినప్పుడు

"తలుపు పట్టుచున్నది, కొంచెము చెక్కిపొమ్ము" అని వడ్రంగికి కబురు పంపుట వానకాలమున మన ఇండ్లలో వాడుక. ఏ పనిముట్టు తీయవలెనో అతనికి తెలియును. కాని తలుపు ఎక్కడ పట్టుచున్నదో, ఎందుకు పట్టుచున్నదో ముందుగా ఇంటివారు చూచి చెప్పవలెను. పనిముట్టు దానిని బట్టియే తేలును. వికారాబాదు, తాండూరు పట్టణముల నడుమ సుమారు 40 కిలోమీటర్ల దూరమే యైనను, ఈ విషయమును బోధపరచుటకు ఆ రెండును రెండు మంచి ఉదాహరణములు.

వికారాబాదు ప్రక్కనే అనంతగిరి కొండలు. మూసీనది పుట్టినది అచ్చటనే. జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఆ అడవిగాలిలో తడి నిండియుండును. కొయ్య ఆ తడిని పీల్చి ఉబ్బును. అయితే అన్ని వైపులకును సమముగా ఉబ్బదు. పోగు పొడవున పెరుగుదల లేదన్నంత స్వల్పము; పోగునకు అడ్డముగానే పెరుగును. పలకల తలుపులో ఇరుప్రక్కల నిలువుపట్టెలు పైనుండి క్రిందివరకు సాగియుండును గనుక తలుపు ఎత్తు మారదు. ఆ పట్టెలు ఉబ్బిన మేరకు వెడల్పు మాత్రమే మారును. పట్టెలు నాలుగేసి అంగుళముల టేకువనియు, వేసవికంటె వానలలో కొయ్యలోని తేమ నూటికి 6 వంతులు హెచ్చినదనియు అనుకొన్నచో, రెండు పట్టెలకును కలిపి పెరుగుదల సుమారు 2 మిల్లీమీటర్లు. టేకు నెమ్మదియైన కొయ్య. తక్కిన కొయ్యలు పెక్కు ఇంతకంటె హెచ్చు ఉబ్బును. నిలువుచెక్కలను వరుసగా చేర్చి కొట్టిన తలుపైనచో ప్రతి చెక్కయు తన వంతు కలుపును.

కనుక వానలలో తలుపు గొళ్ళెము ప్రక్కన పట్టినచో అది ఉబ్బు. క్రింద నేలకు రాచుకొన్నచో అది ఉబ్బు కాదు. తరచుగా మడతబందులు వదులై రెక్క క్రిందికి దిగియుండును. పిడి పట్టుకొని రెక్కను పైకెత్తి చూడుడు. అది కదలినచో సందేహము లేదు. అప్పుడు కావలసినది స్క్రూడ్రైవరు, తెలంగాణపు మాటలో పేచ్‌కస్. పై మడతబందు మరమేకులు బిగించి, పట్టు చాలనిచో పొడవైనవి వేయవలెను. ఈ ఒక్క పరీక్ష చేయక క్రింద కోయించుకొని, పిమ్మట మేకులు బిగించినప్పుడు ఎలుక దూరునంత సందు మిగుల్చుకొన్న ఇండ్లు తక్కువ కావు.

ఉబ్బునకు తగినది చిత్రిక. దీనినే రందా యందురు. ద్వారబంధము అంచునకు సుద్ద రాచి తలుపు మూసి తెరచినచో, పట్టుచోట రెక్కకు సుద్ద అంటును. అచ్చట మాత్రమే పలుచని పొర తీయవలెను. జానెడు మేర కొద్దిగా తగులుచున్నచో గరుకు కాగితమే చాలును. నడివానలలో పట్టు వదలునంత తీసి ఆపుట మంచిది. తలుపు గాలికి ఆడునంత తీసినచో ఏప్రిలు నాటికి ఆ సందులోనుండి వీధి కానవచ్చును.

ఇక తాండూరు. అచ్చటి నాపరాయి, కర్ణాటకములోని షాబాదు రాయి ఒకే భీమా పరీవాహపు సున్నపురాతి పొరలకు చెందినవి. పాత గచ్చు త్రవ్వక దానిమీదనే బండలు పరచిరనుకొందము. అంగుళము మందపు బండ, దాని క్రింద అంతే సిమెంటు: నేల రెండంగుళములు లేచినది. గడపను తీసివేయుదమన్నచో ఇంటి పెద్దలు ఒప్పుకొనరు, ఒప్పుకొననక్కరయు లేదు. తలుపునే తగ్గించవలెను. అంగుళముల లెక్కకు చిత్రిక పనికిరాదు, ఇచ్చట రంపమే.

బండలు పరచువారి చేతిలో రాతిని కోయు కట్టరు సిద్ధముగా నుండును. "దీనితోనే తలుపు కూడ కోసి పోయెదము" అందురు. ఒప్పుకొనవలదు. వజ్రపు రజను పొదిగిన ఆ బిళ్ళ రాతిని అరుగదీయునే కాని కొయ్యను కోయదు. కోత పొడవునను కాల్చును. దానికే పండ్ల బిళ్ళ తగిలించుట మరింత ప్రమాదము. నిముషమునకు పదివేలకు పైగా తిరుగు ఆ యంత్రమునకు, కొయ్యకోత యంత్రమునకుండు కదలెడు తొడుగు ఉండదు. పండ్లు కొయ్యలో చిక్కినచో చేతిలోని యంత్రము ఎగిరి మనుష్యునిమీదికే వచ్చును. మిగులు కూలి పదినిముషములది, పోవునది వ్రేళ్ళు. సన్నని పండ్ల చేతిరంపముగాని, తిన్నని బద్ద ఆనించి నడుపు కొయ్యకోత యంత్రముగాని వాడవలెను.

కొలత తీయుటలో ఒక మెలకువ కలదు. తలుపు మూసినచోట నేలను చూచుట చాలదు. రెక్క తిరుగు దారియంతట ఎత్తైన బండ ఏదో చూచి, దానికి 5 మిల్లీమీటర్లు పైగా గీత గీయవలెను. రెండు ముఖములందును ఆ గీతను కత్తితో లోతుగా కోసినచో అడ్డుకోతలో చీలికలు లేవవు. కోసిన అంచును చిత్రిక పట్టునప్పుడు రెండు కొనలనుండి నడుమకు రావలెను. ఒకే వైపునకు త్రోసినచో చివరి పట్టె అంచు పగులును. క్రింది అడ్డుపట్టె నిలువుపట్టెలో దిగిన అతుకు వరకు కోత పోరాదు. లోపల బోలుగా నుండు తలుపులకు అడుగున సన్నని బద్దయే యుండును; దానిని దాటి కోసినచో లోపలి బోలు బయటపడును.

పోగు తెగిన కొననుండియే తడి మిక్కిలి త్వరగా ఎక్కును. రెక్కను మరల ఎక్కింపకముందే ఆ కోతకు రెండు పూతలు రంగుగాని వార్నీషుగాని వేయింపవలెను. ఎక్కించిన పిమ్మట అచ్చటికి కుంచె చేరదు.